స్కూల్ బాండ్‌కి ఓటేశాక మా ప్రాపర్టీ టాక్స్ బిల్లు ఏమైంది

టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు. ఆ మాట విని ఇక్కడికి వచ్చిన మాలాంటివాళ్ళకి, ఇల్లు కొన్నాక మొదటి ప్రాపర్టీ టాక్స్ బిల్లు చేతికి వచ్చినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. అక్టోబరులో బిల్లు వస్తుంది, జనవరి 31 లోపు కట్టేయాలి. కౌంటీ, సిటీ, కమ్యూనిటీ కాలేజీ అంటూ నాలుగైదు పద్దులుంటాయి. అన్నిటికన్నా పెద్దది స్కూల్ డిస్ట్రిక్ట్ పద్దు, అంటే మా ప్రాంతపు ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థది.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో. ఫ్రిస్కో, ప్రాస్పర్, మెకినీ, సెలైనా వైపు ఎటు చూసినా కొత్త ఇళ్ళే, వాటిలో తెలుగు కుటుంబాలు లెక్కలేనన్ని. ఇళ్ళతోపాటు పిల్లలూ వస్తారు కాబట్టి బడులు కట్టక తప్పదు. కట్టడానికి డబ్బు కావాలంటే స్కూల్ డిస్ట్రిక్ట్ అప్పు చేయాలి, ఆ అప్పుకి ఓటర్లు ఒప్పుకోవాలి. దాన్నే బాండ్ ఎలక్షన్ అంటారు. 2023 మే 6న మా డిస్ట్రిక్ట్‌లో అలాంటి ఎలక్షన్ జరిగింది. అంతకుముందు ఏడాదే నాకు సిటిజెన్‌షిప్ వచ్చింది, కాబట్టి ఈ దేశంలో స్థానిక విషయం మీద నేను వేసిన మొదటి ఓటు అదే. ఓటు వేయకముందు నేను తెలుసుకున్నదీ, వేశాక మా బిల్లులో చూసిందీ రాస్తున్నాను. ఇక్కడ ఇళ్ళున్న మనవాళ్ళలో చాలామంది ఈ లెక్క చూడరు. లోన్ కంతుతోపాటు పన్ను కోసం మనం నెలనెలా వేసే ఎస్క్రో ఖాతాలోంచి లోన్ కంపెనీయే కట్టేస్తుంది కాబట్టి బిల్లు కంటపడదు. ఏడాది చివర ఎస్క్రోలో డబ్బు తక్కువైందని ఉత్తరం వస్తేనే గాబరా పడతాం.

ముందు మా ఇంటి పరిస్థితి చెప్తాను. మా అబ్బాయి చదివే ఎలిమెంటరీ స్కూల్ వెనక ఆటస్థలంలో పోర్టబుల్ గదులు పెట్టారు. వానొస్తే పిల్లలు బాత్రూమ్‌కి మెయిన్ బిల్డింగ్ దాకా తడుచుకుంటూ వెళ్ళాలి. లంచ్ ఎన్ని బ్యాచ్‌లుగా పెట్టేవారంటే, మావాడికి పదిన్నరకే అన్నం వేళయ్యేది. కాబట్టి కొత్త బడి కావాలన్న విషయంలో నాకు సందేహం లేదు. దానికి మా ఇంటి మీద ఎంత పడుతుందో ఎవరూ సూటిగా చెప్పకపోవడమే నాకు నచ్చలేదు.

మా వీధి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అప్పటికే రెండు వర్గాలు తయారయ్యాయి. బాలెట్ పేపర్ మీదే పెద్ద అక్షరాల్లో ‘ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు’ అని రాసి ఉందనీ, అంతకన్నా రుజువు ఏం కావాలనీ ఒక వర్గం. అదంతా ఉత్తుత్తిది, పక్క డిస్ట్రిక్ట్‌లో కూడా అదే రాశారు కానీ రేటు పెరగలేదు కదా అని ఇంకో వర్గం. రెండు మాటలూ నిజమే.

2019లో టెక్సస్ శాసనసభ హౌస్ బిల్ 3 అనే పెద్ద స్కూల్ ఫైనాన్స్ చట్టం చేసింది. అప్పటినుంచి ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ బాండ్ పెట్టినా, పన్ను రేటు పెరిగినా పెరగకపోయినా, బాలెట్ మీద ఆ వాక్యం ఉండి తీరాలి. మరి రేటు పెరగకుండా కొత్త అప్పు ఎలా తీరుతుంది? పాత అప్పులు ఏటేటా తీరిపోతుంటాయి. కొత్త ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు, షాపులు పన్ను జాబితాలోకి వస్తుంటాయి. ఆ ఖాళీలో కొత్త అప్పును సర్దగలిగితే రేటు అలాగే నిలుస్తుంది. అయితే ఈ బాండ్ లేకపోతే ఆ రేటు తగ్గి ఉండేది. ‘రేటు పెరగదు’ అనే ఫ్లయర్‌లో ఆ సంగతి రాయరు. తగ్గాల్సింది తగ్గకపోవడం కూడా నా జేబులోంచి పోయే డబ్బే కాబట్టి నేను దాన్నీ ఖర్చుగానే లెక్కవేసుకుంటాను.

మా డిస్ట్రిక్ట్ మాత్రం రేటు పెరుగుతుందనే చెప్పింది, గరిష్ఠంగా 5 సెంట్లని. ప్రతి వంద డాలర్ల విలువకి 5 సెంట్లు అన్నమాట. దాని అర్థం తెలుసుకోవాలని హైస్కూల్ ఆడిటోరియంలో పెట్టిన మీటింగ్‌కి వెళ్ళాను. అంత పెద్ద హాల్లో జనం పల్చగా ఉన్నారు. మనవాళ్ళు ఇంకా తక్కువ. ఇది నాకు బాధ కలిగించింది. మన పిల్లల చదువుల గురించి ఇంత పట్టింపు ఉన్న మనం, ఆ బడుల డబ్బు గురించి మాట్లాడే గదిలో లేము.

డిస్ట్రిక్ట్ ఫైనాన్స్ ఆఫీసర్ చెప్పిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది పన్నులోని రెండు భాగాల సంగతి. స్కూల్ పన్ను రేటులో ఒక ముక్క ఎం అండ్ ఓ, అంటే రోజువారీ నిర్వహణ. టీచర్ల జీతాలు, కరెంటు, బస్సుల డీజిల్ అందులోంచే వెళ్తాయి. రెండో ముక్క ఐ అండ్ ఎస్. అది బాండ్ల అసలు, వడ్డీ తీర్చడానికి మాత్రమే. మన ఇంట్లో ఇంటి లోన్ ఈఎంఐ వేరు, నెల సరుకుల ఖర్చు వేరు అన్నట్టే. ఇంట్లోనైతే ఒకదాన్నుంచి ఇంకోదానికి సర్దుకుంటాం, ఇక్కడ ఆ వీలు లేదు. బాండ్ డబ్బుతో టీచర్‌కి ఒక్క డాలర్ జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. టీచర్లకి జీతాలు పెంచకుండా బిల్డింగులు కడతారా అని మా గ్రూపులో అన్నయ్య ఒకరు కోపంగా రాశారు. ఆ కోపం న్యాయమైనదే, కానీ ఈ బాండ్‌ని ఓడించినా ఆ డబ్బు టీచర్లకి వెళ్ళదు. జీతాల కోసం రేటు పెంచాలంటే అది వేరే ఎలక్షన్, దాన్ని ఇక్కడ వాట్రీ అంటారు.

ఇంకో తేడా కూడా ఉంది. ఆస్తుల విలువ ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టుల ఎం అండ్ ఓ డబ్బులో కొంత భాగాన్ని రాష్ట్రం తీసుకుంటుంది. రీకాప్చర్ అంటారు, జనం నోట్లో రాబిన్ హుడ్. ఐ అండ్ ఎస్ డబ్బు జోలికి అది రాదు. మనం కట్టిన బాండ్ పన్ను మొత్తం మన డిస్ట్రిక్ట్ బిల్డింగులకే పోతుంది. మా చుట్టుపక్కల డిస్ట్రిక్టులు బాండ్ల వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఐ అండ్ ఎస్ రేటుకి ఒక పైకప్పు కూడా ఉంది. కొత్త బాండ్లు అమ్మాలంటే, పాత అప్పూ కొత్త అప్పూ కలిపి 50 సెంట్ల రేటుతో తీర్చగలమని డిస్ట్రిక్ట్ రాష్ట్ర అటార్నీ జనరల్‌కి చూపించాలి. వేగంగా పెరిగే కొన్ని డిస్ట్రిక్టులు ఆ 50 సెంట్ల దగ్గరే ఉన్నాయి. అలాంటి చోట ‘రేటు పెరగదు’ అంటే, పెరగడానికి ఇక చోటు లేదని కూడా అర్థం. మాది అప్పటికి 35 సెంట్లు.

అసలు లెక్క ఎలా పడుతుందో చిన్న అంకెలతో నేనే వేసి చూసుకున్నాను. 10 కోట్ల డాలర్ల బాండ్, 4 శాతం వడ్డీ, 25 ఏళ్ళు అనుకుందాం. ఏటా సుమారు 64 లక్షల డాలర్లు తీర్చాలి. పాతికేళ్ళలో కట్టేది మొత్తం 16 కోట్లు, అంటే వడ్డీయే 6 కోట్లు. డిస్ట్రిక్ట్‌లో పన్ను పడే ఆస్తుల విలువ 2,000 కోట్ల డాలర్లయితే, ఏటా కట్టాల్సిన ఆ 64 లక్షలు రాబట్టడానికి వంద డాలర్లకి 3.2 సెంట్లు కావాలి. 4 లక్షల పన్ను విలువ ఉన్న ఇంటి మీద అది ఏడాదికి 128 డాలర్లు. అదే ఆస్తుల విలువ పదేళ్ళలో రెట్టింపయితే, అదే అప్పుకి 1.6 సెంట్లు చాలు. ఎదుగుతున్న ఊళ్ళో బాండ్ తేలికగా అనిపించడానికి కారణం ఇదే. ముందు ముందు రాబోయేవాళ్ళు కూడా పంచుకుంటారన్న నమ్మకం మీద అప్పు చేస్తారు.

ఆ నమ్మకం ప్రతిసారీ నిలవదు. మాకు దక్షిణంగా ఉన్న ప్లేనో ఒకప్పుడు ఇలాగే పెరిగిన ఊరు. పిల్లల సంఖ్య తగ్గిపోయి 2024లో ప్లేనో ఐఎస్‌డీ, అంటే అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్, నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. అందుకే కొత్త బడుల సంఖ్య దేన్నిబట్టి లెక్కగట్టారు, పిల్లలు రాకపోతే ఏం చేస్తారని మీటింగ్‌లో అడిగాను. బాండ్ నెగ్గినంత మాత్రాన అప్పంతా ఒకేసారి చేయమనీ, ఓటర్లు ఇచ్చేది అనుమతి మాత్రమేననీ, అవసరాన్ని బట్టి విడతలుగా అమ్ముతామనీ చెప్పారు. టెక్సస్‌లో ఇంకో సదుపాయం కూడా ఉంది. 1854లో మొదలైన పర్మనెంట్ స్కూల్ ఫండ్ అనే రాష్ట్ర నిధి, 1983 నుంచి డిస్ట్రిక్టుల బాండ్లకి హామీగా నిలబడుతోంది. దానివల్ల అన్నిటికన్నా పై రేటింగ్ అయిన ట్రిపుల్ ఏ వచ్చి వడ్డీ తగ్గుతుంది. ఈ జవాబులు నాకు తృప్తిగానే అనిపించాయి. వడ్డీ మొత్తం ఎంతో స్క్రీన్ మీద ఎక్కడా చూపించకపోవడం మాత్రం నచ్చలేదు.

దాన్ని నేను ఓటర్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ అనే కాగితంలో చూశాను. బాండ్ పెట్టే ప్రతి డిస్ట్రిక్టూ దాన్ని తయారుచేసి తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని 2019 నాటి ఇంకో చట్టం చెబుతోంది. బాండ్ అసలు, అంచనా వడ్డీ, రెండూ కలిపి ఎంత, ఇప్పటికే ఉన్న పాత అప్పు ఎంత, లక్ష డాలర్ల ఇంటి మీద ఏడాదికి గరిష్ఠంగా ఎంత పెరుగుతుంది, ఇవన్నీ అందులో ఉంటాయి. ఫ్లయర్లు, వాట్సాప్ ఫార్వర్డులు పక్కన పెట్టి ఈ ఒక్క కాగితం చదివితే చాలు.

కానీ ఆ లక్ష డాలర్ల ఇంటి అంకె దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మా కాగితంలో అది ఏడాదికి 30 డాలర్లు. లక్షకి 30 అయితే మన 4 లక్షల 40 వేల ఇంటికి 132 డాలర్లే కదా అని గ్రూపులో ఒకరు వెంటనే పెట్టేశారు. అలా హెచ్చవేయకూడదు. సొంతంగా ఉంటున్న ఇంటికి స్కూల్ పన్నులో హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ ఉంటుంది, అంటే ఇంటి విలువలో కొంత భాగం మీద పన్ను వేయరు. ఆ వసంతకాలంలో అది 40,000 డాలర్లు. లక్ష ఇంటిలో 40,000 తీసేస్తే 60,000 మీద 5 సెంట్లు, అంటే 30 డాలర్లు. 4,40,000 ఇంటిలోనూ తీసేది అదే 40,000, మిగిలిన 4,00,000 మీద పన్ను. అది 200 డాలర్లు. లక్షకి ఇల్లు మా ఊళ్ళో ఎక్కడా లేదు. ఎవరి అప్రైజల్ నోటీసు (ఇంటి విలువ ఎంతో చెప్పే కాగితం) వాళ్ళు ముందు పెట్టుకుని, ఎగ్జెంప్షన్ తీసేసి, వందతో భాగించి, పెరిగే సెంట్లతో హెచ్చవేసుకోవాలి. అద్దెకిచ్చిన రెండో ఇల్లు ఉన్నవాళ్ళకి హోమ్‌స్టెడ్ ఉండదు, మొత్తం విలువ మీద పడుతుంది. 4,50,000 ఇంటికి 225 డాలర్లు. ఆ భారం చివరికి అద్దెకున్నవాళ్ళ మీదికీ కొంత చేరుతుంది.

మా ఎదురింట్లో రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఈ బాండ్ వల్ల తన స్కూల్ పన్ను పెరగదని ఆయనే చెప్పారు. 65 ఏళ్ళు నిండిన ఇంటి యజమాని ఆ వయసువాళ్ళకుండే ఎగ్జెంప్షన్‌కి అప్లై చేసుకుంటే, స్కూల్ పన్ను అప్పటి మొత్తం దగ్గరే ఆగిపోతుంది. ఇంటికి కొత్త గదులేవైనా కలిపితే తప్ప ఆ మొత్తాన్ని మించదు. అయినా ఆయన బాండ్‌కి వ్యతిరేకం. పాత బడుల పైకప్పులు బాగుచేయకుండా కొత్తవి కట్టడం ఆయనకి ఇష్టం లేదు. ఆయనతో నేను ఏకీభవించలేదు కానీ, తన జేబు లెక్క పక్కన పెట్టి మాట్లాడిన మనిషి కాబట్టి ఆయన మాట శ్రద్ధగా విన్నాను.

మా పక్కింటి వాళ్ళ పరిస్థితి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అన్నయ్య, వదిన ఇద్దరూ హెచ్-1బీ మీద ఉన్నారు, గ్రీన్ కార్డ్ లైన్లో ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. ఇల్లు మాదానికన్నా పెద్దది, పన్ను మాకన్నా ఎక్కువ కడతారు, ఇద్దరు పిల్లలు అదే బడిలో. వాళ్ళకి ఓటు లేదు. “మా తరఫున కూడా నువ్వే చూసి వెయ్యమ్మా” అన్నారు అన్నయ్య. మా వీధిలో ఇలాంటి ఇళ్ళే ఎక్కువ. సిటిజెన్‌షిప్ లేనివాళ్ళు పొరపాటున కూడా ఓటర్‌గా నమోదు కాకూడదన్నది అందరూ గుర్తుంచుకోవాలి. డ్రైవర్ లైసెన్స్ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు ఆ ప్రశ్న వస్తుంది, చూసుకుని టిక్ పెట్టాలి. తేడా వస్తే ఇమ్మిగ్రేషన్ కేసు అవుతుంది.

ఈ ఎలక్షన్ గురించి తెనాలిలో ఉన్న మా నాన్నగారికి ఫోన్లో చెప్తే ఆయనకి వింతగా అనిపించింది. అక్కడ ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కట్టడం మనకి తెలుసు. కానీ బడికి నాలుగు గదులు కావాలంటే ప్రభుత్వం నిధులివ్వాలి, లేదంటే ఊరి దాత ఎవరో ముందుకు రావాలి. “ఇంత అప్పు చేస్తాం, మీ ఇంటి మీద ఇంత పడుతుంది, సరేనా అని జనాన్నే అడుగుతారా?” అన్నారు. అడుగుతారు నాన్నా, వచ్చి చెప్పేవాళ్ళే తక్కువ అన్నాను.

బాలెట్ మీద బాండ్ ఒక్కటిగా రాదు, ప్రపోజిషన్లు అనే విడివిడి ప్రశ్నలుగా వస్తుంది, దేనికి దానికే ఓటు. బడులు, రిపేర్లు, బస్సులు ఒక ప్రపోజిషన్. లాప్‌టాప్‌లు, టాబ్లెట్ల వంటి టెక్నాలజీ విడిగా. పెద్ద స్టేడియం, స్విమ్మింగ్ సెంటర్ లాంటివి ఉంటే అవీ విడిగా పెట్టాలి. ఇది మంచి నిబంధన. స్టేడియం వద్దనుకున్నవాళ్ళు దాని కోసం బడిని కూడా కాదనాల్సిన పని లేదు. టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ మీద అభిమానం ఎంతో అందరికీ తెలుసు. మా కౌంటీలోనే ఆలెన్‌లో 6 కోట్ల డాలర్లతో కట్టిన స్టేడియం 2012లో తెరిచారు, కాంక్రీట్‌లో పగుళ్ళు వచ్చి 2014లో మూయాల్సి వచ్చింది. తర్వాత బాగుచేసి మళ్ళీ తెరిచారు.

టెక్నాలజీ ప్రపోజిషన్ మీద నాకు అనుమానం ఉండేది. పిల్లల చేతుల్లో టాబ్లెట్ నాలుగైదేళ్ళు నిలవడమే ఎక్కువ, దానికి పాతికేళ్ళ అప్పా అని. మీటింగ్‌లో అడిగితే, ఆ భాగాన్ని ఐదేళ్ళ లోపు తీరే బాండ్లుగా అమ్ముతామని చెప్పారు. అలా అయితే సరే అనుకున్నాను.

ఒక విషయం మా గ్రూపులో చాలామందికి అర్థం కాలేదు. ప్రిన్సిపల్ దగ్గర్నుంచి ఈమెయిల్స్ వస్తాయి, ‘వెళ్ళి ఓటేయండి’ అని ఉంటుంది, ఏ వైపు వేయాలో ఉండదు. ప్రజల డబ్బుతో ఓట్ల ప్రచారం చేయకూడదని టెక్సస్ చట్టం. డిస్ట్రిక్ట్ వివరాలు మాత్రమే ఇవ్వాలి. ‘అవునని వేయండి’ అనే బోర్డులు పెట్టేది తల్లిదండ్రులు, వ్యాపారులు సొంత డబ్బుతో పెట్టుకున్న కమిటీలు. ఏ కాగితం ఎవరు పంపారో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివి తీరాలి.

ఓటు వేయడం తేలికే. ఎలక్షన్‌కి ముప్పై రోజుల ముందే నమోదై ఉండాలి. ఎలక్షన్ రోజుకి ముందే జరిగే ఎర్లీ వోటింగ్‌లో ఆఫీసు నుంచి వస్తూ లైబ్రరీ దగ్గర ఆగాను. మా కౌంటీలో ఏ సెంటర్లోనైనా వేయొచ్చు. లైన్ లేదు. కోట్ల డాలర్ల అప్పు, పాతికేళ్ళ పన్ను తేలేది ఇంత ఖాళీగా ఉన్న గదిలోనా అనిపించింది. మే నెల ఎలక్షన్లకి జనం చాలా తక్కువగా వస్తారు, కాబట్టి వచ్చిన ప్రతి ఓటుకీ బరువు ఎక్కువ. బడుల ప్రపోజిషన్‌కీ, టెక్నాలజీకీ అవునని వేశాను. స్టేడియానికి వద్దని వేశాను. మొదటి రెండూ నెగ్గాయి, స్టేడియం ఓడిపోయింది. అదే ఏడాది నవంబరులో ప్రాస్పర్ ఐఎస్‌డీ ఓటర్లు కూడా ఇలాగే సుమారు 270 కోట్ల డాలర్ల బాండ్‌కి సరేనని, స్టేడియం ప్రపోజిషన్‌ని కాదన్నారు. మరుసటేడు, 2024 నవంబరులో, ఫ్రిస్కో ఐఎస్‌డీ ఓటర్లు వాట్రీతోపాటు 100 కోట్ల డాలర్లు దాటిన బాండ్‌ని మొత్తంగా తిప్పికొట్టారు. కాబట్టి ఇక్కడ బాండ్ అంటే నెగ్గి తీరుతుందన్న రోజులు పోయాయి.

ఇక బిల్లు సంగతి. 2023 అక్టోబరులో వచ్చిన బిల్లు చూసి మా ఆయన ఆశ్చర్యపోయారు. పన్ను పెంపు అని రాసిన బాండ్‌కి ఓటేశాం, బిల్లేమో తగ్గింది. 2022లో మా ఇంటి స్కూల్ పన్ను 5,160 డాలర్లు, 2023లో సుమారు 4,378. ఏడు వందల ఎనభై డాలర్ల దాకా తగ్గింది. గ్రూపులో మళ్ళీ మెసేజ్‌లు మొదలయ్యాయి, బాండ్ వల్ల ఏమీ పెరగలేదని ఒకరు, టాక్స్ పెంపని భయపెట్టారని ఇంకొకరు.

నేను బిల్లు విడదీసి చూశాను. ఆ ఏడాది రాష్ట్ర శాసనసభ స్కూల్ పన్నుకి హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌ని 40,000 నుంచి లక్షకి పెంచింది, నవంబరులో రాష్ట్ర ఓటర్లు దాన్ని ఆమోదించారు. అక్టోబరు బిల్లులో ఆ పెంపును ముందే లెక్కలోకి తీసుకున్నారు. ఎం అండ్ ఓ రేటును తగ్గించడానికి రాష్ట్రం తన ఖజానా నుంచి డబ్బిచ్చింది. మా ఎం అండ్ ఓ 94 సెంట్ల నుంచి 76కి దిగింది. ఐ అండ్ ఎస్ మాత్రం 35 నుంచి 38కి పెరిగింది. హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటి పన్ను విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న నిబంధన ప్రకారం మా ఇల్లు 4,40,000 నుంచి 4,84,000 అయ్యింది. అందులో లక్ష తీసేస్తే 3,84,000. దాని మీద 38 సెంట్లంటే 1,459 డాలర్లు. క్రితం ఏడాది ఐ అండ్ ఎస్ కింద కట్టింది 1,400. పాత రేటు 35 దగ్గరే ఆగి ఉంటే 1,344 అయ్యేది. అంటే మొదటి ఏడాది మా ఇంటి మీద బాండ్ బరువు 115 డాలర్లు. రాష్ట్రం ఇచ్చిన పెద్ద తగ్గింపు కింద అది కనపడకుండా పోయింది, అంతే.

ఇది మీ బిల్లులోనూ చూసుకోవచ్చు. కౌంటీ టాక్స్ ఆఫీస్ సైట్‌లో మీ అడ్రస్ కొడితే ఏ ఏడాది బిల్లయినా వస్తుంది. ఎం అండ్ ఓ, ఐ అండ్ ఎస్ రేట్లు విడిగా కనపడకపోతే డిస్ట్రిక్ట్ బడ్జెట్ పేజీలో ఉంటాయి. బిల్లు మొత్తం పెరిగిందా తగ్గిందా అన్నది బాండ్ గురించి ఏమీ చెప్పదు. విలువ, ఎగ్జెంప్షన్, రెండు రేట్లు, నాలుగూ ఒకేసారి కదులుతుంటాయి. మా ఐ అండ్ ఎస్ ఆ తర్వాత 40 సెంట్లకి చేరింది, వాళ్ళు చెప్పిన గరిష్ఠం అదే. మాట తప్పలేదు. 2025లో హోమ్‌స్టెడ్ మళ్ళీ పెరిగి 1,40,000 అయింది, కాబట్టి బిల్లు మళ్ళీ గందరగోళంగా కనిపిస్తుంది. హోమ్‌స్టెడ్‌కి ఇంకా అప్లై చేయనివాళ్ళు ఉంటే వెంటనే చేయండి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఫారం ఉంటుంది, రుసుము లేదు, వీసా మీద ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది. డబ్బు తీసుకుని చేసిపెడతామని వచ్చే ఉత్తరాల్ని నమ్మొద్దు.

కొత్త ఎలిమెంటరీ స్కూల్ కట్టారు. హద్దులు మళ్ళీ గీశారు, మా వీధి దాని పరిధిలోకి రాలేదు. ‘మనం కట్టాం, వేరేవాళ్ళ పిల్లలు వెళ్తున్నారు’ అని గ్రూపులో కొందరు నొచ్చుకున్నారు. నేను ఒప్పుకోను. పన్ను డిస్ట్రిక్ట్ మొత్తానికీ ఒకే రేటు. మా బడి నుంచి రెండు వందల మందికి పైగా పిల్లలు అటు వెళ్ళడంతో పోర్టబుల్ గదులు తీసేశారు, లంచ్ వేళలు మామూలయ్యాయి. మేం వచ్చినప్పుడు మా పిల్లాడు కూర్చున్న గది కూడా మాకు ముందు ఉన్నవాళ్ళ అప్పుతో కట్టిందే.

ఇప్పుడు ఇంకో బాండ్ మాట వినిపిస్తోంది. ఈసారి రెండో హైస్కూల్. ప్రపోజిషన్లలో ఏమేం పెట్టాలో సూచించడానికి డిస్ట్రిక్ట్ ముందుగా తల్లిదండ్రులతో, ఊరివాళ్ళతో ఒక కమిటీ వేస్తుంది. అందులో చేరడానికి ఓటు హక్కు ఉండాలన్న నియమం మా దగ్గర లేదు, స్కూల్ బోర్డ్ మీటింగ్‌లో మాట్లాడటానికీ లేదు. పక్కింటి అన్నయ్య అప్లికేషన్ పెట్టారు. పిల్లల సంఖ్య అంచనాలు ఎవరు వేశారు, పాత అప్పు ఏ ఏడాదికి ఎంత తీరుతుంది, ఈ బాండ్ లేకపోతే ఐ అండ్ ఎస్ ఎంతకి దిగుతుంది, ఈ మూడు ప్రశ్నలు ఆయన మొదటి మీటింగ్‌లోనే అడగబోతున్నారు. మూడో దానికి అంకెతో సహా జవాబు ఇచ్చి, దాన్ని ఫ్లయర్ మీద వేయమని నేను బోర్డుకి విడిగా రాశాను.